మునికుమార్ నేర్పిన నెల రిపోర్టు

నగరిలో మరమగ్గాల వాళ్లకు, చిన్న చిన్న అంగళ్లకు లెక్కలు రాసి, నెలనెలా రిపోర్టు తయారుచేసి ఇవ్వడం మునికుమార్ పని. వయసు యాభై రెండు. మంచం పట్టిన తల్లిని చూసుకుంటూనే పెళ్లి వయసు దాటిపోయింది. ఆమె పోయాక ఇంట్లో ఒక్కడే.

బస్సెక్కి వెళ్లి ఇచ్చే రిపోర్టు ఒక్కటే, పుత్తూరులో అమలది. భర్త చనిపోయాక ఆమె ఆరు మిషన్లతో పావడాలు కుట్టించే యూనిట్ నడుపుతోంది. మిగతావాళ్లు చివరి అంకె చూసి కాగితం మడిచి పెట్టేస్తారు. అమల మాత్రం ఎదురుగా స్టూలు మీద కూర్చుని మొత్తం చదివించుకునేది.

"గుడ్డ ఖర్చు ఎందుకు పెరిగింది సార్?"

"కత్తిరింపులో వేస్టు ఎక్కువ పోతాందమ్మా."

"కటింగ్ మాస్టర్‌తో మాట్లాడతాలే. ఈ నెల మనం బాగుండామా మరి?"

మేము అనకుండా మనం అనేది. ఆ ఒక్క మాటను తలుచుకుంటూ మునికుమార్ తిరుగు బస్సులో వచ్చేవాడు. ఏడేళ్లు అట్లానే గడిచాయి. మనసులోది ఏనాడూ పైకి అనలేదు.

పోయిన ఏప్రిల్లో అమల చెప్పింది. "మా అక్క కూతురు నిస్సీ బీకాం అయిపోయి ఈడికే వచ్చింది సార్. కంప్యూటర్‌లో తనే రిపోర్టు తీస్తాదంట. ఈ ఎండల్లో మీకెందుకు శ్రమ."

"మంచిదమ్మా" అన్నాడు.

మే ఎట్లాగో గడిచింది. జూన్‌లో, పాత రిపోర్టులో తప్పు దొర్లిందనే సాకుతో పుత్తూరు వెళ్దామనుకున్నాడు. నకళ్లు ముందేసుకుని రెండు రోజులు వెతికాడు. ఒక్క తప్పూ దొరకలేదు. లేనిది ఉందని చెప్పడానికి నోరు రాలేదు.

జూలైలో అమలే ఫోన్ చేసింది. "నిస్సీ అంకెలు తీస్తాంది గానీ, వాటి అర్థం ఏందంటే చెప్పలేకపోతాంది. ఒక తూరి వచ్చి నేర్పిస్తారా సార్?"

ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే బయల్దేరాడు. ఆ రోజే చెన్నై నుంచి సరుకు కొనేవాళ్లు వచ్చారు. అమల గుమ్మంలో పలకరించి వాళ్ల దగ్గరికి పోయింది. మునికుమార్ నిస్సీ పక్కన కూర్చున్నాడు. అంతా నేర్పేస్తే ఇక తనతో పని ఉండదని తెలుసు. అయినా ఏదీ దాచుకోలేదు. పెరిగిన ఖర్చుకు కారణం ఎట్లా పట్టుకోవాలో, రావాల్సిన డబ్బుకీ చేతిలో ఉన్నదానికీ తేడా పిన్నమ్మకు ఎట్లా చెప్పాలో ఓపిగ్గా వివరించాడు. చురుకైన పిల్ల, మధ్యాహ్నానికల్లా పట్టేసింది.

వెళ్లేటప్పుడు అమల బయటికి వచ్చింది. "భోంచేసి పోండి సార్."

లోపల్నుంచి ఎవరో ఆమెను పిలుస్తున్నారు.

"ఇంకో తూరి వస్తాలేమ్మా."

ఆగస్టులో నిస్సీ తను చేసిన రిపోర్టు ఫోన్‌కు పంపి, చూసి చెప్పమంది. మునికుమార్ ప్రతి అంకె సరిచూశాడు. అంతా సరిగ్గానే ఉంది. అదే రాసి పంపాడు. మీ పిన్నమ్మ ఏమైనా అడిగిందా అని రాయబోయి, మానేశాడు.