పది నిమిషాలు వెనకబడిన ఫైలు

భిలాయిలో పవర్ హౌస్ బజారు దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగ్ పని చూస్తాను. రెండేళ్ల కిందట చరోదా నుంచి లత అనే అమ్మాయి ట్రెయినీగా చేరింది. కమాండ్ టైపు చేయగానే ఫైలు మీది తేదీ, సమయం ఆ క్షణానికి మారిపోయే చిన్న ప్రోగ్రాం రాసింది. అది పాసైతేనే ఆమె ఉద్యోగం ఖాయం.

నా చేతి వాచీ చూసుకుని కమాండ్ ఇచ్చాను. ఫైలు మీద పది నిమిషాల ముందటి సమయం పడింది. ఎన్నిసార్లు చేసినా అంతే.

"ఏటమ్మా, నీ ఫైలు పాసింజరు బండిలా లేటుగా నడుస్తోంది?" అన్నాను. అందరూ నవ్వారు.

"ఇంకోసారి చూడండి సార్, తప్పుండదు," అంది లత. నేను ఫెయిలని రాసేశాను. ఆమెను పంపేశారు.

కానీ సరిగ్గా పది నిమిషాలే ఎందుకు? ఇంట్లో నా కంప్యూటర్లో, అందరూ వాడే పాత కమాండుతో చేసి చూశాను. అదీ పది నిమిషాలు వెనకే!

సంగతి చెబితే మా ఆవిడ పకపకా నవ్వింది. "మీ వాచీ ముందుకెల్తే కంప్యూటరేటి చేస్తాదండీ? స్టీలు ప్లాంటు డ్యూటీకి లేటవకూడదని మావయ్యగారు పది నిమిషాలు ముందుకి పెట్టుకునీవోరు, మీరూ అలాగే పెట్టీసుకున్నారు!"

అలవాటైపోయి ఆ సంగతే మరిచాను. తెర మూలనున్న సమయం చూడాలని తోచనేలేదు.

మర్నాడు యజమానికి చెప్పి లతను వెనక్కి పిలిపించాను. "నన్ను జాలిపడి తీసుకున్నారని ఆఫీసులో అందరూ అంటన్నారు సార్. తప్పని అందరి ముందూ అన్నారు కదా, తప్పు కాదని కూడా అలాగే అనండి," అంది. నేను తలూపి నా సీటుకెళ్లి పనిలో పడ్డాను.

ఇప్పుడు ఇలా రాసి అందరి ముందూ అంటున్నాను. లత ప్రోగ్రాం మొదటిసారే సరిగ్గా పనిచేసింది.