కాలం తగలని పడవ

మొన్న వానలో తడిసిన టార్పాలిన్ వాసనకి మా ఊరి రేవు గుర్తొచ్చింది.

నా చిన్నప్పటి మాట. నాన్న గుజరాత్ బోట్లలో చేపల వేటకి వెళ్లి అప్పటికి చాలా నెలలైంది. అప్పట్లో టీవీలో కాలంలో ప్రయాణించే ఓడ కథ ఒకటి వచ్చేది. దాని చుట్టూ వెలుగు కవచం. లోపలున్నవాళ్లకి వయసు పెరగదు. నేను రోజూ ఒడ్డున మా పాత పడవలో టార్పాలిన్‌నే కవచంగా కప్పుకుని ఒక్కదాన్నే కూర్చునేదాన్ని.

"ఒసే, ఈ ఉక్కలో ఏటి సేస్తన్నావే?" అంది నానమ్మ.

"నేను పెద్దయిపోతే నాన్న నన్ను పోల్సలేడు."

నానమ్మ టార్పాలిన్ ఎత్తి లోపలికొచ్చి పక్కన కూర్చుంది.

కొన్నాళ్లకి నాన్న వచ్చాడు. తెచ్చిన గౌను నా భుజాలు దాటి దిగలేదు.

"ఇంత ఎదిగిపోనావేటే!" అని నవ్వబోయి ఆగిపోయాడు.

కవచం పనిచేయలేదని ఏడ్చాను. అంత దూరంలో ఆయనా నన్ను మనసులో ఎదగనివ్వకుండా దాచుకున్నాడని ఇప్పుడు తెలుస్తోంది.