ఎవరూ వద్దనలేదు

2023, వరి ఉభాలు, అంటే నాట్లు, జోరుగా సాగుతున్న రోజులు. శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న ఆసుపత్రిలో, లేబర్ రూంలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. పుట్టిన ప్రతి బిడ్డకీ మేం తొడకి ఒక చిన్న ఇంజెక్షన్ వేస్తాం. దాని పేరు విటమిన్ కె. నెత్తురు కారితే ఆగడానికి ఒంట్లో అది కావాలి. పుట్టినప్పుడు బిడ్డలో దాని నిల్వ చాలా తక్కువ, తల్లిపాలలోనూ అంతంతమాత్రమే. వెయ్యకపోయినా ఎక్కువమంది పిల్లలకి ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రం బొడ్డు నుంచో, పేగుల్లోనో, ఒక్కోసారి మెదడులోనో నెత్తురు పోతుంది. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా తెలీదు.

అంతకుముందు ఏళ్ల తరబడి మేమెవరినీ అడగలేదు. బిడ్డని తుడిచి, బరువు చూసి, సూది వేసి తల్లి పక్కన పడుకోబెట్టేవాళ్లం. ఆ ఏడాది ఒక బాలింత తమ్ముడు "మాకు సెప్పకుండా సూదెందుకేసినారు?" అని వార్డు అదిరేలా గొడవ చేశాడు. పెద్ద డాక్టరు గారు మమ్మల్ని పిలిచి, ఇకమీదట అడిగి వెయ్యండి అన్నారు. న్యాయమైన మాటే, నేనూ తలూపాను. కానీ అడగనన్నాళ్లూ అందరూ మారుమాట లేకుండా వేయించుకున్నారు. అడగడం మొదలుపెట్టగానే జనానికి అనుమానం పట్టుకుంది.

అలాంటప్పుడు వచ్చింది కుమారి. కన్నవారిది కోటబొమ్మాళి పక్క పల్లె, మెట్టినిల్లు గరివిడి. తొలి కాన్పు. ఆడపిల్ల, ఏడిస్తే వరండా చివరిదాకా వినపడేది. సూది సంగతి వివరంగా చెప్పి కుమారిని అడిగాను.

"మా అత్తనడగండి మేడం," అని కళ్లు దించుకుంది.

అత్త అక్కడ లేదు. తల్లి నరసమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నాట్ల మధ్యలోంచి పరిగెత్తుకొచ్చిన మనిషి, కాళ్లకి బురద ఇంకా ఆరలేదు.

"నన్నడిగితే ఏటి సెప్తానమ్మా? కుమారి నా పిల్ల గానీ, దాని పిల్ల ఆళ్లది. రేపేటైనా అయితే కన్నోరింట్లో ఏటో పొడిపించీసినారని నా మీదకొస్తాది. పురుడునాడు ఆళ్లొస్తారు కదా, అప్పుడడుగుదురు."

మావైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. అత్తవారు పుట్టిన కొద్దిరోజులకి చేసే పురుడు వేడుకనాడొచ్చి బిడ్డని చూసుకుంటారు. అందాకా అమ్మమ్మ ఆ బిడ్డని పరాయివాళ్ల నగలా కాచుకుంటుంది. కానీ ఈ సూది పురుడుదాకా ఆగేది కాదు. కుమారి భర్తకి ఫోన్ చేయించాను. గరివిడిలో ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నాడు.

"మా యమ్మనడగండి మేడం. నాకియన్నీ తెలవ్వు."

అత్తగారికి చేశాను.

"కాన్పు ఆళ్లింట్లో కదమ్మా, మజ్జిన మేమేటి సెప్తాం? ఆళ్లిష్టం. అయినా, మంచి సూదైతే మీరు ఏసీక అడగడం దేనికి?"

అడగడం మర్యాద అనుకున్నాను. ఆవిడకది మా భయంలా వినపడింది. పోనీ సూదులంటే పడని మనుషులా అంటే, అదీ కాదు. బీసీజీ టీకా వేస్తామంటే నరసమ్మే పిల్ల చెయ్యి పట్టుకుంది. "అది ఊర్లో అందరికీ ఏసేదే కదమ్మా" అంది. పోనీ, వద్దని సంతకం పెట్టమని నరసమ్మనే అడిగాను.

"అమ్మో, మేం ఒద్దన్లేదు కదా!"

డాక్టరు గారూ చెప్పి చూశారు. నరసమ్మ దణ్ణం పెట్టింది. "మీరు దేవుళ్లు బాబూ, మీకు తెలీందేటుంది?" అంది. అయితే వేసేస్తాం అన్నారాయన. "ఆళ్లనో మాటడిగీండి బాబూ" అంది మళ్లీ. పాత గొడవ ఇంకా మరువని ఆయన నా వంక చూశారు, నేను ఆయన వంక చూశాను. పిల్లి మెడలో గంట కట్టేవాళ్లు లేక, సూది వెయ్యకుండానే పిల్ల ఇంటికెళ్లిపోయింది. ఆ ఆదివారం చర్చిలో పాట పాడుతూ ఏ చరణంలో ఉన్నానో రెండుసార్లు మరిచిపోయాను.

తర్వాత కొద్ది రోజులకే ఒక మధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది. బిడ్డ బొడ్డు చుట్టూ గుడ్డ ఎర్రగా తడిసి ఉంది. గుడ్డ ఒరుసుకుని నెత్తురొచ్చిందేమోనని నరసమ్మ పొద్దుట్నుంచీ గుడ్డలు మారుస్తూనే ఉందట. పిల్ల ఏడుపు ఇప్పుడు మంచం దాటి వినపడటం లేదు. డాక్టరు గారు చూస్తూనే విటమిన్ కె తెమ్మన్నారు. అంతలో నరసమ్మ ఫోన్‌లో అత్తగారి గొంతు.

"ఆ సూది ఎవలొద్దన్నారు?"

"మేమెక్కడన్నాం? నీ కొడుకునడగలేదేటి? నిన్నడగలేదేటి?"

ఇద్దరిదీ నిజమే. నేను సిరంజి పట్టుకుని నిలబడ్డాను. ఒక్క క్షణం ఆగే పని కూడా కాదది. అయినా అలవాటైన నోరు "వెయ్యమంటారా?" అనేసింది. ఎవరిని అడిగానో నాకే తెలీదు.

"ఏసీండి మేడం," అంది కుమారి. ఈసారి కళ్లు దించలేదు. "నా పిల్ల. నాను సెప్తన్నాను. అమ్మా, నువ్వా పోను కట్టీ."

సూది వేశాను. 108లో శ్రీకాకుళం పంపించాం. అక్కడ ప్లాస్మా, అంటే నెత్తురు గడ్డకట్టడానికి సాయపడే ద్రవం, ఎక్కించారు. పురుడు వాయిదా పడింది గానీ పిల్ల దక్కింది. కబురు విన్నప్పుడు మందుల గదిలోకెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

ఎలా అడగాలో నాకిప్పటికీ పూర్తిగా తెలీదు. అడగడం మానలేను, అప్పుడు గొడవ చేసిన ఆ బాలింత తమ్ముడి కోపం అబద్ధం కాదు. ఇప్పుడు మాత్రం గుమ్మంలో వాళ్లని కాసేపు బయటికి పంపి, స్టూలు లాక్కుని తల్లి పక్కన కూర్చుంటాను. "అత్తనడగండి" అనే చెప్తారు చాలామంది.

"అత్తని తర్వాత అడుగుదాం. నువ్వేమంటావమ్మా?" అంటాను.

ఆ మాట కొత్తగా వింటున్నట్టు నా మొహంలోకి చూస్తారు. నేను స్టూలు మీంచి లేవను.