థర్డ్ గేరు పడిన ఆదివారం

గేరు బండి మీద ఆడపిల్ల కనబడితే ఊడుపుల్లో వంగినవాళ్ళు కూడా నడుమెత్తి చూసే రోజులవి. ఇప్పుడు మా రామచంద్రపురం రోడ్డు నిండా స్కూటీల మీద అమ్మాయిలే గాని, నేను డిగ్రీ రెండో ఏడు చదివేటప్పుడు ఆ కాలవ గట్టు మీద మోటారు సైకిలు తోలిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. తోలడమని గొప్పగా అన్నాను గాని, నిజానికది ఆగుతూ పోవడం. క్లచ్ వదలగానే ఇంజను ఆగేది. కిక్కు కొట్టడానికి నేను దిగేదాన్ని, నాతోపాటు వెనకున్న నాన్నగారూ దిగేవారు.

నాన్నగారు పాస్టరు. ఆదివారం పొద్దున్నే మా ఊళ్ళో ఆరాధన, పదిన్నరకు కాలవ అవతలి ఊళ్ళో మరొకటి. ఆ వేసవిలో ఆయన కంటికి ఆపరేషనైంది. రెండు నెలలు బండి ముట్టుకోవద్దన్నారు డాక్టరు గారు. అవతలి ఊరి సంఘ పెద్దగారు తన కొడుకుని పంపిస్తానన్నారు. నాన్నగారు మాత్రం తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఆడపిల్లకి గేరు బండేంటండీ? మిమ్మల్ని ఒక్కసారి పడేసిందా, ఆ తాళం పెద్దగారబ్బాయికే, ముందే చెబుతున్నాను" అంది అమ్మ. (మా అమ్మ అన్న మాట వెనక్కి తీసుకోగా మేమెవరమూ చూడలేదు.) నాకు పడతానన్న భయం కంటే తాళం పోతుందన్న భయమే ఎక్కువ. ఎందుకంటే ఇంట్లో నాన్నగారు అందరివారు. ప్రార్థన చేయమనో, తగవు తీర్చమనో ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు. బండి మీద మాత్రం ఆయన నా ఒక్కదానివారు. ఆ రోజు ప్రసంగం ముందు నాకే వినిపించి, "ఈ ముక్క తీసేద్దామా అమ్మా?" అని అడిగేవారు. నన్ను సలహా అడిగిన మొదటి మనిషి ఆయనే.

దాళ్వా కోతలయ్యాక, అంటే ఎండాకాలం పంట ఇంటికొచ్చే రోజుల్లో, ఆ రోడ్డు మీదే ధాన్యం ఆరబోసేవారు. ధాన్యం రాగానే నాన్నగారు నా భుజం మీద ఒకసారి తట్టేవారు, ఆపమని. దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, అంచున నడిచేవారు. "ఒకరి అన్నం మీద బండెక్కి ఊరేగకూడదమ్మా" అనేవారు. (బండి తనంతట తాను రాదు కాబట్టి నేను ఊరేగవచ్చు.) అవతలి చివర ఎక్కి రెండుసార్లు తట్టేవారు, పదమని.

ఆ ఆదివారం చక్రం జారకుండా మొదటిసారి ధాన్యం దాటేశాను. ఆ ఊపులో సెకండ్ గేరు వేస్తే పడింది. థర్డ్ వేశాను, అదీ పడింది! అంతవరకు థర్డ్ గేరు ఉంటుందని వినడమే. కొబ్బరి చెట్లు వెనక్కి పరిగెడుతున్నాయి. "చూశారా నాన్నగారూ, థర్డ్ గేరు!" అని అరిచాను. జవాబు లేదు. ప్రసంగం నెమరేసుకుంటున్నారు కాబోలనుకున్నాను. బండి అంత తేలిగ్గా పోతుంటే నా చేయి తిరిగిందని మురిసిపోయాను. ఆ ఉత్సాహంలో బీఎడ్ చదువుతానని, అప్పుడే పెళ్ళి మాట ఎత్తొద్దని, ముఖం చూసి చెప్పలేని సంగతులన్నీ రోడ్డు చూస్తూ చెప్పేశాను. ఒక్కదానికీ ఆయన కాదనలేదు.

ప్రార్థన గుడి దగ్గర ఉపదేశిగారు (పాస్టరు వచ్చేదాకా పాటలు పాడించే పెద్దాయన) నాలుగో పాట సాగదీస్తూ గుమ్మంలోకి వచ్చి "అయ్యగారేరమ్మా?" అన్నారు. "ఇదిగోనండి, వెనకే" అని తిరిగి చూశాను. సీటు ఖాళీ.

ఎక్కడో పడిపోయారు, ఆపరేషనైన కన్ను ఏమైందో అనుకున్నాను. ఫోను చేద్దామంటే ఆయన ఫోను బైబిలు సంచీలో, ఆ సంచీ నా ముందు ట్యాంకు మీద. ఆ ఇరుకు సందులో బండి తిప్పడం నాకింకా రాదు. ఏడుస్తూ తోసుకుంటూ బయల్దేరాను. అంతలో ట్రాక్టరొకటి వచ్చి ఆగింది. బస్తాల మీద తెల్ల లాల్చీ, నల్ల కళ్ళద్దాలతో నాన్నగారు, చెప్పులింకా చేతిలోనే ఉన్నాయి.

"చెప్పానా అయ్యగారూ? వచ్చే వారం నుంచి మావాడొస్తాడు, తాళం ఇప్పించండి" అన్నారు పెద్దగారు. నేను తాళం తీసి గుప్పిట్లో దాచుకున్నాను.

"అమ్మాయి నన్ను పడేయలేదండి, నేనే ఎక్కలేదు. తను వేళకే వచ్చింది, ఆలస్యం నాది" అన్నారు నాన్నగారు. లోపలికి వెళ్ళి ప్రసంగం మొదలుపెడుతూ, "ఇవాళ గొర్రె క్షేమంగా చేరిందండి, కాపరే తప్పిపోయాడు" అన్నారు. పెద్దగారితో సహా అందరూ నవ్వారు. ఇంటికెళ్ళాక అమ్మతోనూ అదే వాదన, పడేయలేదని. తాళం నా దగ్గరే ఉండిపోయింది.

తిరుగు ప్రయాణంలో ధాన్యం దాటాక ఆయన తీరిగ్గా ఎక్కి, రెండుసార్లు తట్టి, "ఉన్నానమ్మా, పద" అన్నారు. కొంచెం దూరం పోయాక, "ఇందాక వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. తల ఊపి ఊపి మాట్లాడుతున్నావు, ఏంటా కబుర్లు?" అని అడిగారు. మళ్ళీ మొదటినుంచి చెప్పాను, సెకండ్ గేరులో. ఈసారి కొన్నిటికి కాదన్నారు. బీఎడ్‌కి మాత్రం సరేనన్నారు.

నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. ఆ అవతలి ఊరి బళ్ళోనే నేనిప్పుడు టీచరుని. గేర్లు లేని స్కూటీ నాది, అయినా ఎడమ కాలు అప్పుడప్పుడు గేరు కోసం వెతుక్కుంటుంది. ధాన్యం వస్తే దిగి, అంచున తోసుకుంటూ నడుస్తాను. అవతల ఎక్కాక వెంటనే కదలను. వెనక బరువు పడాలన్నట్టు ఒక్క నిమిషం ఆగుతాను. పడదని తెలుసు. మొన్న వెనకొచ్చిన ట్రాక్టరతను హారన్ కొట్టి, "ఎవరికోసమండి టీచరుగారూ?" అన్నాడు.

"ఒకరు ఎక్కాలండి, మీరు పదండి" అన్నాను.

అతను నా ఖాళీ సీటు వంక చూసుకుంటూ వెళ్ళిపోయాడు. నాకు నవ్వొచ్చింది, ఆ థర్డ్ గేరు పిల్ల గుర్తొచ్చి. ఒక్క నిమిషం ఆగలేక, నాన్నగారితో పోవాల్సిన మూడు కిలోమీటర్లు పోగొట్టుకుంది కదా, పిచ్చిపిల్ల.