షార్ట్‌కట్లన్నీ ఆ ఎడమచేతికే తెలుసు

ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి కారణం ఉంది. పత్తర్‌గట్టిలో మా రికార్డింగు గదికి వచ్చేవాళ్లకు ఇప్పుడు రెండు కథలు వినబడుతున్నాయి. కీబోర్డు నాకు తానే నేర్పానని గది యజమాని చెబుతాడు. నేనేదో పుస్తకం బట్టీ పట్టి గట్టెక్కానని ఆయన బామ్మర్ది చెబుతాడు. రెండూ సగం సగమే నిజం. అదీగాక, మా కిషన్‌బాగ్ ఇంటికి నడిచేంత దూరంలో ఉన్న గ్రంథాలయంలో సంగీతం బీరువా, కంప్యూటర్ల బీరువా రెండూ పైఅర నుంచి కిందిఅర దాకా వెతికాను. రాగాల మీద పుస్తకాలున్నాయి, కంప్యూటరులో లెక్కలు వేసే పుస్తకాలున్నాయి, కంప్యూటరులో పాటను కోసి అతికించే మీటల గురించి తెలుగులో ఒక్క పేజీ లేదు. పదో తరగతితో బడి మానేసి, మిగిలిన చదువంతా ఆ గ్రంథాలయం బెంచీ మీదే చదివిన మనిషిని. పుస్తకం లేదంటే లేదని ఊరుకోవడం నా వల్ల కాదు.

ముందు గది సంగతి. బట్టల దుకాణం మీద మొదటి అంతస్తు. గోడల నిండా స్పాంజి పలకలు, ఒక మైకు, ఒక కంప్యూటరు, ఒకే ఒక తిరిగే కుర్చీ. బోనాల పాటలు, పెళ్లి ఊరేగింపు బరాత్ పాటలు, క్రిస్మస్ పాటలు, ఏవి వస్తే అవి రికార్డు చేస్తాం. తాళం తీయడం, పాడేవాళ్ల వేళలు రిజిస్టరులో రాయడం, పాటను పెద్ద అక్షరాల్లో రాసి మైకు ముందు నిలబెట్టడం నా పని. తిరిగే కుర్చీలో కూర్చునేది యజమాని. ఆయన్ను నేను అన్న అంటాను. రెండేళ్లుగా నా కన్ను ఆ కుర్చీ మీదే ఉంది. పొద్దున దుమ్ము దులిపేటప్పుడు ఎవరూ లేకుండా చూసి ఒకసారి కూర్చుని, ఒక చుట్టు తిరిగి లేచేదాన్ని.

బోనాలు దగ్గరపడ్డాయి. మా పక్క బస్తీ కమిటీవాళ్లు తమ గల్లీ పాట ఒప్పజెప్పి, శనివారం సాయంత్రానికి కావాలన్నారు. సరిగ్గా ఆ వారమే అన్న స్కూటరు మీద నుంచి పడ్డాడు. ఎడమ మోచేతి నుంచి వేళ్ల మొదలు దాకా సిమెంటు కట్టు. కుడిచెయ్యి బాగానే ఉంది కదా, ఏం ఫికర్ లేదనుకున్నాం.

ఆయన కుర్చీలో కూర్చుని మౌసు పట్టుకున్నాకగాని అసలు కష్టం బయటపడలేదు. పదిహేనేళ్లుగా ఆయన కుడిచెయ్యి మౌసును ఊరికే అటూ ఇటూ తిప్పింది. పని మొత్తం కీబోర్డు మీద ఎడమచెయ్యే చేసింది. పాట ఆపడం, కోయడం, అతికించడం, వెనక్కి తేవడం, అన్నీ షార్ట్‌కట్లే. ఆయన మెనూ అనేదాన్ని ఏనాడూ తెరవలేదు. దాన్ని చూపిస్తే, "ఇది ఎప్పుడు వచ్చింది?" అని నన్నే అడిగాడు. పైగా కొత్తలో మీటలన్నిటినీ తన చేతివాటానికి మార్చుకున్నాడు కాబట్టి, ఇంటర్నెట్టులో దొరికే పట్టికలేవీ మా కంప్యూటరుకు పనికిరావు.

ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. మౌసు ఆయనది, మీటలు నావి.

"కొట్టు చెల్లే."

"ఏది కొట్టాలె అన్నా?"

"గదే."

"గదే అంటే ఏది?"

"అరె, రోజు కొట్టేదే! గీడ... గిట్ల..."

"దాని పేరేంది?"

"పేరు నాకేం ఎరుక? చేతికి ఎరుక. నోటికి ఎరుక లేదు."

అప్పుడే ఆయన బామ్మర్ది వచ్చాడు. ఈ పని ఎక్కడో కోర్సుకు ఫీజు కట్టి నేర్చుకున్నాడు. మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి, అవి దేనికీ తగిలించి ఉండవు.

"బావా, గీ లొల్లి ఎందుకు? నేను కూసుంట కుర్చీల."

అన్న నా మొహం చూశాడు. నా మొహంలో ఏం కనబడిందో తెలియదుగాని, ఇలా అన్నాడు: "నాకు బయట తిరిగే పని ఎక్కువైంది. ఎట్లైనా ఇగ ఒక ఆపరేటర్ కావాలె. శనారం దాంక చూస్త. చెల్లె గీ పాట పూర్తి చేస్తే కుర్చీ చెల్లెది. లేకుంటే నువ్వొచ్చి కూసో."

అది మంగళవారం. ఆ సాయంత్రమే గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడి సారు విషయమంతా విని, మూలన పడి ఉన్న పాత కార్డుల పెట్టె చూపించాడు. ఒకప్పుడు ప్రతి పుస్తకానికీ ఒక కార్డు ఉండేదట, అన్నీ అక్షరక్రమంలో. ఒకే విషయానికి రెండు పేర్లుంటే, ఒక కార్డు మీద "చూడు" అని రాసి రెండో దానికి దారి చూపేవారట. నాకు ఒళ్లు పులకరించింది. షార్ట్‌కట్లకు కావలసింది ఇదే అనిపించింది.

మా సాఫ్ట్‌వేరులోనే ఒక మూల మీటల పట్టిక ఉంది. వందల వరుసలు, అంతా ఇంగ్లీషు. బుధవారమంతా కూర్చుని నిఘంటువు పక్కన పెట్టుకుని అన్నిటికీ తెలుగు పేర్లు పెట్టాను. కార్డులకు ఛత్తాబజార్‌లో నాకు తెలిసిన ప్రెస్సుకు వెళితే, అచ్చు చెడిపోయిన పెళ్లిపత్రికలు ఒక కట్ట ఇచ్చారు. ఒకవైపు వినాయకుడు, వధూవరులు, సుముహూర్తం. ఖాళీగా ఉన్న రెండోవైపు నా ముత్యాల్లాంటి అక్షరాలు: అతికించు, ఆపు, కత్తిరించు, తుడిచివేయి. వాటిని చెప్పుల అట్టపెట్టెలో క్రమంగా నిలబెట్టి, గురువారం పొద్దున సగర్వంగా బల్ల మీద పెట్టాను.

బామ్మర్ది ఒక కార్డు తీసి తిరగేశాడు. "ఏందక్కా, పెళ్లి సంబంధాలు గిట్ల చూస్తున్నవా?"

"పక్కకు జరుగు తమ్మీ. క్రమం చెడుతది."

ఆ రోజు పాడటానికి, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ వచ్చింది. పూలు అమ్ముతుంది, ఏళ్లుగా అమ్మవారి పాటలు పాడుతుంది. మైకు ముందు నిలబడితే ముంజేతుల నిండా గాజులు గలగలమంటున్నాయి.

"పెద్దమ్మా, గాజులు తీస్తవా? చప్పుడు పడుతది," అన్నాను.

"తియ్య. అమ్మోరి పాట ఉత్త చేతులతోటి పాడుతరా? నీ మిషన్నే చెవులు మూసుకోమను."

చివరికి రెండు చేతులకూ రుమాళ్లు చుట్టాం. అయిదుసార్లు పాడింది. ఒకసారి కింద ఆటో హారను, ఒకసారి దగ్గు, ఒకసారి బట్టల దుకాణంలో బేరం గొంతులు. ఆరోసారి మాత్రం గొంతు ఎక్కడికో వెళ్లిపోయింది. చరణం ముగిసేసరికి నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. అన్న కళ్లు మూసుకుని ఉన్నాడు.

"గది కొట్టు," అన్నాడు కళ్లు తెరవకుండానే.

ఇది "ఆపు" అయి ఉంటుందనుకుని 'ఆ' దగ్గర కార్డు లాగాను. తొందరలో రెండు కార్డులు కలిసి వచ్చాయి. చేతికి దొరికినదాని మీద ఉన్న మీట నొక్కాను. తెర మీద చరణం మొత్తం మాయమైంది.

"పాయె! వెనక్కి తే! చెల్లే, వెనక్కి!"

'వ' దగ్గరికి వెళ్లాను. వెనక్కి: చూడు, రద్దు. 'ర' దగ్గరికి వెళ్లాను. రద్దు: చూడు, వెనక్కి. మళ్లీ 'వ'కు వెళ్లాను. ఈలోగా ఉక్కపోస్తోందని పెద్దమ్మ ఫ్యాను స్విచ్చి వేసింది. కార్డులు లేచాయి. గది నిండా వినాయకులు ఎగురుతున్నారు. ఒకదాన్ని పట్టుకోబోయి కీబోర్డు మీద చెయ్యి ఆన్చాను. ఎర్రలైటు వెలిగి కొత్త రికార్డింగు మొదలైంది.

"నా పాట యాడికి పోయింది బిడ్డా?" అంది పెద్దమ్మ మైకులోకి.

"యాడికి పోలే పెద్దమ్మా, ఈడనే ఉన్నది."

"ఉంటే కనబడదేంది?"

"యా అల్లా!" అన్నాడు అన్న. ఆయనకు కంగారు ఎక్కువైతే దేవుళ్ల విషయంలో పట్టింపు ఉండదు. ఇవన్నీ శుభ్రంగా రికార్డయ్యాయి.

అప్పుడు చూశాను. మెడ పట్టీలో వేలాడుతున్న ఆయన ఎడమచెయ్యి తనంతట తాను కదులుతోంది. కట్టు బయటికి పొడుచుకొచ్చిన వేళ్లలో చిటికెన వేలు ముందు దిగి అలాగే ఉంది. ఉంగరపు వేలు దాని పక్కన, కొంచెం పైగా, టక్‌మని గాలిని కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆయన మాత్రం తెరవైపు చూస్తూ అరుస్తున్నాడు. తన చెయ్యి ఏం చేస్తోందో ఆయనకే తెలియదు.

ముందు రికార్డింగు ఆపి, నా ఎడమచేతిని ఆ చెయ్యి ఎప్పుడూ ఉండే చోట పెట్టాను. చిటికెన వేలు కీబోర్డు ఎడమ మూల కింద. ఉంగరపు వేలు దాని పక్కన కొంచెం పైన. నొక్కాను. మా లొల్లి పోయింది. ఇంకోసారి నొక్కాను. చరణం తిరిగి వచ్చింది.

పెద్దమ్మ, "చూసినవా, అమ్మోరు తెచ్చింది," అని రుమాళ్లు విప్పుకుంది.

ఆ మధ్యాహ్నం కార్డులన్నీ ఏరి పెట్టెలో పెట్టి, పెట్టెను బీరువా కింద తోశాను. అక్షరక్రమం పుస్తకాలకు మంచిదే, అవి పారిపోవు. పాట ఆగదు. పాడే మనిషి గొంతు వేడిగా ఉన్నప్పుడు 'అ' నుంచి 'హ' దాకా నడిచే సమయం ఎవరికీ ఉండదు. ఇది నాకు నేనే చెప్పుకోవడానికి చాలా కష్టమైంది. నా చదువు మీద నాకున్న గర్వం అంత చిన్నది కాదు.

కొత్త పద్ధతి మొదలుపెట్టాను. అన్నను స్టూలు మీద కూర్చోబెట్టి, పాట నడిపిస్తూ ఆయన వేళ్లు చూడటం.

"నన్ను గట్ల గుడ్లప్పగించి చూడకు చెల్లే, శరమైతది," అన్నాడు. చూస్తున్నంతసేపూ వేళ్లు బిగుసుకుపోయాయి. కింద నుంచి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి, కుడిచేతికి ఉర్దూ పేపరు ఇచ్చాను. పేపర్లో మునిగాక వేళ్లు పని మొదలుపెట్టాయి. ఎక్కడ శ్రుతి తప్పితే అక్కడ ఒక తట్టు. పాట వెనక డప్పు ఎక్కడ ముందుకు ఉరికితే అక్కడ రెండు. నేను రాసుకోవడం, ఆ చోట నా చెయ్యి పెట్టి చూడటం, తెర మీద ఏమైందో గమనించడం. శుక్రవారం సాయంత్రానికి లెక్క తేలింది. అన్ని వందల మీటల్లో అన్న పదిహేనేళ్లు బతికింది పద్నాలుగింటి మీద.

ఆ పద్నాలుగింటినీ ఒకే కాగితం మీద మూడు వరసల్లో రాశాను: పాడకముందు, పాడుతుండగా, పాడాక. అంతే. వాటిని వేళ్లకు నేర్పడానికి అన్నం తింటూ కుడిచేత్తో తిని ఎడమచేత్తో కంచం పక్కన తట్టాను. ఆటోలో ముందుసీటు వెనక తట్టాను. గ్రంథాలయం బల్ల మీద తడుతుంటే సారు వచ్చి, "అమ్మా, ఇక్కడ తబలా వద్దు," అన్నాడు.

శనివారం నాలుగింటికి కమిటీవాళ్లు అయిదుగురు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. పాట విన్నారు. తలలూపారు. అంతా అయిపోయిందనుకునేసరికి వాళ్లలో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"పాట మస్తుంది. గని మా గల్లీ పేరు ఒక్కసారే వచ్చింది. పక్క గల్లీవాళ్ల పాటల వాళ్ల పేరు మూడుసార్లు ఉన్నది."

"పెద్దమ్మ పూల బండి కాడికి పోయింది కాకా," అన్నాడు అన్న.

"గదంతా మాకెరుక లేదు. మూడుసార్లు రావాలె."

బామ్మర్ది ఒక అడుగు ముందుకు వేశాడు. హెడ్‌ఫోన్లు చెవులకు ఎక్కించుకున్నాడు. అన్న నోరు తెరిచాడు. "గది..." అనబోతున్నాడని నాకు తెలుసు. ఆయన కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చున్నదాన్ని, ఆయన చేతిలోంచి మౌసు కూడా తీసుకున్నాను.

గల్లీ పేరు మొదలయ్యే చోట ఒక కోత. ముగిసే చోట ఒక కోత. ఎత్తి రెండో చరణం చివర దించాను. డప్పు కంటే అర దెబ్బ ముందు పడింది. వెనక్కి తెచ్చాను, కొంచెం జరిపి మళ్లీ దించాను. ఇంకో ముక్క పాట ఆఖరున. నా కళ్లు తెర మీద ఉన్నాయి, కాగితం ఎక్కడుందో కూడా గుర్తులేదు. ప్లే కొట్టాను. గల్లీ పేరు మూడుసార్లు, మూడుసార్లూ సరిగ్గా డప్పు దెబ్బ మీదికి. మూడోసారికి కమిటీవాళ్లు అయిదుగురూ కలిసి అరిచారు.

బామ్మర్ది హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకున్నాడు. "నేనైతే నాలుగుసార్లు పెట్టేటోన్ని," అన్నాడు.

అన్న లేచి, బుగ్గలు నిమురుకుంటూ కిటికీలోంచి కిందికి కేకేశాడు. "ఏ భాయ్, ఎనిమిది చాయ్! ఒకటి మలాయ్ మార్‌కే, మీగడ జర ఎక్కువేసి, మా ఆపరేటర్‌కు!"

ఆయన కట్టు విప్పిన రోజు కుర్చీ నాదా, ఆయనదా అని మళ్లీ అనుమానం వచ్చింది. వచ్చీ రాగానే ఆయన అందులో కూర్చున్నాడు. ఎడమచెయ్యి కీబోర్డు మీద పెట్టాడు. వేళ్లు అక్కడే ఉండిపోయాయి. కట్టులో ఉన్నన్నాళ్లు గాలిలో బాగా పనిచేసిన చెయ్యి, అసలు మీటల మీదికి వచ్చేసరికి బిగుసుకుంది. కాసేపు చూసి, నన్ను అడిగాడు: "చెల్లే, వెనక్కి తెచ్చేది ఏదే?"

చూపించాను. లేచి స్టూలు మీదికి మారాడు. "నువ్వు కూసో. నేను ఈడ నుంచి నేర్చుకుంట."

ఇందులో ఎవరి పేర్లూ రాయవద్దని అందరూ అన్నారు. వరసలతోనే కృతజ్ఞతలు చెబుతున్నాను. కార్డుల విద్య చెప్పిన గ్రంథాలయం సారుకు. చెడిన పెళ్లిపత్రికలు ఉచితంగా ఇచ్చిన ప్రెస్సు మేస్త్రీకి. ఆరోసారి అలా పాడిన పెద్దమ్మకు. వేడి చాయ్ మొదటి అంతస్తు ఎత్తుకు తాడు కట్టిన బుట్టలో పంపిన హోటల్ భాయ్‌కి. పక్కన నిలబడి నన్ను భయపెట్టి పని చేయించిన తమ్ముడికి. అందరికన్నా ఎక్కువగా, తన చెయ్యి తనకు తెలియకుండా నాకు పాఠం చెబుతుంటే, తెలిశాక కూడా కోపం తెచ్చుకోని అన్నకు.