దుప్పటి మీద పార్టీ చరిత్ర

కమ్యూనిస్టు పార్టీ చరిత్ర మీద కొత్త సినిమా అంటూ ఫోన్లో వస్తే చూశాను. ఒళ్ళు మండిపోయింది.

చిన్నప్పుడు మన పామర్రులో ఇలాంటి సినిమా వేస్తే ఆడవాళ్ళని తెర వెనక కూర్చోబెట్టేవాళ్ళు, గుర్తుందా అన్నయ్యా? అమ్మమ్మ ఉతికిచ్చిన తెల్ల దుప్పటే తెర. వెనక నుంచి చూసే మాకు బొమ్మ తిరగబడి, నాయకులందరూ ఎడమచేతి పిడికిలే ఎత్తేవారు!

పోలీసుల కళ్ళుగప్పి, గడ్డిమోపులో క్యారేజీ దాచి పార్టీవాళ్ళకి అన్నం మోసిన మనిషి అమ్మమ్మ. ఓసారి ప్రొజెక్టర్ తిప్పే మావయ్యని అడిగేసింది.

"అందరూ ఉన్నారు గానీ, అన్నాలు మోసిన మేమెక్కడయ్యా?"

"తర్వాతి రీల్లో వస్తారు పిన్నిగారూ."

కొత్త సినిమాకి రంగులొచ్చాయి, డ్రోన్ షాట్లొచ్చాయి. పేర్లు పడేదాకా చూశాను. ఆ రీలు మాత్రం ఇంకా రాలేదు.