గ్లాసును అడిగిందెవరు?

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. ప్రభుత్వ కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. కొలత తెలియకుండా గీత గీసినవాణ్ణి కాదు. హైస్కూలు రోజులనుంచి డైరీ రాస్తున్నాను. చీకట్లో ఏదో కనబడిందని ఎవరైనా అంటే "లైటు వేసి చూశావా?" అని అడిగేవాణ్ణి. వేసి చూశానన్నవాడు ఒక్కడూ తగల్లేదు.

కాబట్టి ముందే చెబుతున్నాను. నేను రాసేది పట్టపగలు, పదిమంది ముందు జరిగింది. నమ్మమని ఎవరినీ అడగడం లేదు. నాకే నమ్మకం లేదు. కానీ ఒక మనిషి ఆ రోజు అందరిముందూ అన్న మాటను ఇప్పుడు అనలేదంటూ తిరుగుతున్నాడు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

మా అన్న మునెప్ప ఆవిరి ఇంజన్ల కాలంలో రైల్వేలో డ్రైవరు. కుప్పంలో ఆయన్ని మునెప్ప అంటే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. "సీసం మునెప్ప" అనాలి. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ఆవిరి ఇంజను బాయిలరులో, నిప్పుకు సరిగ్గా పైన, సీసం పోసిన బిరడా ఒకటి ఉంటుంది. నీళ్లు తగ్గిపోతే సీసం కరిగి, ఆవిరి కిందికి దూకి నిప్పు ఆర్పేస్తుంది. బాయిలరు పేలకుండా అదొక ఏర్పాటు. ప్రాణాలు దక్కుతాయి గానీ డ్రైవరు పరువు దక్కదు. నీళ్లు చూసుకోలేనివాడు అని ముద్ర పడుతుంది. అన్న నడిపే ఇంజనులో ఒకసారి సీసం కరిగింది.

నీళ్లు ఎంత ఉన్నాయో చూపడానికి డ్రైవరు ఎదురుగా నిలువు గాజుగొట్టం ఉంటుంది. దాన్ని గ్లాసు అంటారు. కింది దారిలో మడ్డి అడ్డుపడితే బాయిలరు ఎండిపోయినా గ్లాసులో నీళ్లు నిలబడే ఉంటాయి. అందుకని కింద ఉన్న మీట తిప్పి గ్లాసు ఖాళీ చేసి, మూసి, నీళ్లు మళ్లీ ఎగిరి వస్తున్నాయా అని చూడాలి. అన్న దీన్ని "అడగడం" అనేవాడు. మీట తిప్పేముందు స్పానరుతో ఇత్తడిమీద రెండుసార్లు తట్టి, ఆగి, ఇంకోసారి తట్టేవాడు. టక్ టక్. టక్.

"గ్లాసు అబద్ధమాడ్తాది రా. నమ్మకూడదు. తట్టి అడగల్ల," అనేవాడు.

ఆ రోజు కూడా అడిగాననీ, నీళ్లు తిరిగి రాలేదనీ, బాయిలరులోకి నీళ్లు వదలమని ఫైర్‌మన్‌కు చెప్పాననీ అన్న విచారణలో చెప్పాడు. ఫైర్‌మన్ చెంగప్ప మాత్రం "డ్రైవరు గ్లాసును అడగలేదు" అన్నాడు. ఇంజనులో ఉన్నది ఇద్దరే. ఆ ఒక్క మాటతో అన్నను డ్రైవరు పనినుంచి దించి షెడ్డులో వేశారు. చెంగప్ప తర్వాత డ్రైవరయ్యాడు.

అంతటితో పోయిందా అంటే పోలేదు. అన్న ఒక్కగానొక్క కూతురు రేవతికి మదనపల్లెలో సంబంధం కుదిరింది. మంచి పిల్లవాడు. పెళ్లిచూపులకు వచ్చాక గానీ తెలియలేదు, పిల్లవాడి తల్లి రత్నమ్మ ఈ చెంగప్పకు సొంత చెల్లెలని. అన్న ఒక్క క్షణం ఆలోచించి, "పిల్లోడు మంచోడు, సాలు," అన్నాడు. నేనైతే లేచి వచ్చేసేవాణ్ణి.

అప్పటినుంచి ప్రతి శుభకార్యంలోనూ చెంగప్ప ఎదురయ్యేవాడు. పెళ్లి పందిట్లో, నామకరణంలో, గృహప్రవేశంలో "ఏం సీసమప్పా, నీళ్లు తాగినావా?" అని అందరికీ వినబడేలా పలకరించేవాడు. జనం నవ్వేవాళ్లు. అన్న కూడా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇద్దరిమీదా మండేది.

రెండేళ్ల కిందట రేవతి తండ్రికోసం ఒక కిట్టు తెప్పించింది. బొమ్మ ఆవిరి ఇంజను. బొమ్మంటే ప్లాస్టిక్‌ది కాదు. ఇత్తడి రేకులు, పోత ఇనుప చక్రాలు, కడ్డీలు, చీమ తలంత మరలు. అన్నీ మనమే అతికి, బిగించి, తయారు చేసుకోవాలి. కింద స్పిరిట్ దీపం వెలిగిస్తే నిజంగా ఆవిరితో తిరుగుతుంది. గ్లాసు కూడా ఉంది, అగ్గిపుల్లంత సన్నగా.

అన్నకు అప్పటికే చేతులు వణుకుతున్నాయి. పెట్టె ఎత్తుకుని కుప్పంనుంచి బస్సులో పుంగనూరుకు, మా ఇంటికి వచ్చేశాడు. "గీతలు నీకు తెలుసు, ఇంజను నాకు తెలుసు. సెయ్ రా," అన్నాడు.

చేశాను. టేబులుమీద తెల్ల పంచె పరిచి, ఒక్కొక్క భాగాన్నీ నంబరు వేసి పేర్చాను. రేకులకు కత్తిరించినచోట ఉండే ముళ్లను సన్న ఆకురాయితో అరగదీశాను. చక్రాలు ఇరుసులకు ఎక్కించడం చాలా కష్టపెట్టింది. ఒకవైపు కడ్డీ పైకి ఉంటే రెండోవైపు కడ్డీ సరిగ్గా పావుచుట్టు ఎడంలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా చక్రాలు పట్టేస్తాయి. పట్టేసినప్పుడల్లా అన్న కుర్చీలోంచి "విప్పు" అనేవాడు. నేను విసుక్కుంటూ విప్పేవాణ్ణి.

గ్లాసు బిగించకముందే అన్న నిద్రలో పోయాడు.

కొడుకులు లేరు కాబట్టి తలకొరివి నేనే పెట్టాను. నీళ్లకుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరుగుతుంటే వెనకనుంచి చెంగప్ప గొంతు వినబడింది. "ఇంగ సీసం పూర్తిగా కరిగిపోయె." పక్కన ఎవడో కిసుక్కుమన్నాడు. భుజంమీద కుండ ఉంది కాబట్టి ఊరుకున్నాను. లేకపోతే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు.

ఆ రోజే నిశ్చయించుకున్నాను. సంవత్సరీకం నాటికి ఈ ఇంజను పూర్తికావాలి. మునెప్ప ఇంజను అందరిముందూ, ముఖ్యంగా ఆ మనిషి ముందు, ఏ లోపమూ లేకుండా తిరగాలి. అన్నకు నేను చేయగలిగింది ఇంకేమీ మిగల్లేదు.

గ్లాసు బిగించిన రోజు మధ్యాహ్నం మొదటిసారి ఆ చప్పుడు విన్నాను. నేను భోంచేస్తున్నాను. ఇంజను పక్కగదిలో టేబులుమీద ఉంది. టక్ టక్. టక్.

వెళ్లి చూస్తే ఎవరూ లేరు. బల్లి అనుకున్నాను. బల్లి ఇత్తడిలా మోగదు. అతుకు వేడికి సాగిన ఇత్తడి చల్లారుతూ మోగుతుందేమో అనుకున్నాను. ఆ రోజు అతుకు పని చేయలేదు. రైలు అదురు అనుకుందామంటే పుంగనూరుకు రైలే లేదు. డైరీలో "చప్పుడు. కారణం తెలియదు" అని రాసుకున్నాను. తర్వాత ఇంకో రెండుమూడుసార్లు వినబడింది. నేను గ్లాసుమీద పనిచేసిన రోజుల్లోనే. భయం వేయలేదు. చిరాకేసింది. బతికున్నంతకాలం నా పనికి వంక పెట్టిన మనిషే గుర్తొచ్చి, "బిగించాను గదా, ఇంకేం?" అని ఖాళీ గదిమీద అరిచాను కూడా. మా ఆవిడ తొంగిచూసి వెళ్లిపోయింది.

సంవత్సరీకం ముందురోజు ఇంజనును టమాటా క్రేటులో పాతగుడ్డలు చుట్టి పెట్టుకుని, బస్సులో ఒళ్లోంచి దించకుండా కుప్పం తీసుకెళ్లాను. సాయంత్రం అన్న ఇంట్లో నీళ్లు పోసి, గ్లాసును అడిగి చూశాను. నీళ్లు చక్కగా ఎగిరి వచ్చాయి. నీళ్లు అలాగే ఉంచి, అన్న పటం కింద పెట్టి పడుకున్నాను.

మర్నాడు కార్యం అయింది, భోజనాలయ్యాయి. పెద్దగదిలో అందరూ చేరారు. ఇంజను చక్రాలు నేలకు తగలకుండా దిమ్మెలమీద నిలబెట్టాను. ఇత్తడి తళతళలాడుతోంది. నిన్నటికన్నా ఎక్కువ మెరుస్తున్నట్టు అనిపించింది గానీ పట్టించుకోలేదు. గ్లాసు చూశాను. సగానికి నీళ్లు.

చెంగప్ప కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమప్పా డ్రాయింగు సారూ, దీంట్లో గూడా సీసముండాదా? ఉంటే ముందే సెప్పు, పిల్లోళ్లను దూరం జరుపుతాం."

నవ్వులు.

"నువ్వు ఫైర్‌మన్‌వి గదా, నువ్వే చూసి చెప్పు," అన్నాను. కోపంతోనే.

ఆయన వంగి కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "సగం ఉండాయి నీళ్లు. ఇంగేం, ముట్టించు. మీ అన్న మాదిరి సూస్తా కూర్చుంటే పొద్దు పోతాది."

మామూలుగా అయితే ఇంకోసారి మీట తిప్పి చూసేవాణ్ణి. ఆ మాటకు ఒళ్లు మండి అగ్గిపుల్ల గీశాను.

టక్ టక్. టక్.

ఇత్తడిమీద ఇనుము. ఇంజనులోంచే. నా ఒక చేతిలో అగ్గిపుల్ల ఉంది, రెండో చేతిలో అగ్గిపెట్టె ఉంది. చిన్న స్పానరు మూతపెట్టిన డబ్బాలో ఉంది. పిల్లలు గుమ్మం దగ్గర ఉన్నారు. ఇంటికి దగ్గర్లోనే పట్టాలు ఉన్న మాట నిజమే గానీ ఆ సమయంలో రైలు ఏదీ పోలేదు. పోతే ఆ ఇంట్లో మాట వినబడదు.

"ఎవరది?" అని అరిచాను. పుల్ల ఆర్పేశాను. ఎవరో నన్ను ఆటపట్టిస్తున్నారనే నిజంగా అనుకున్నాను.

చెంగప్ప లేచి నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇంజనునే చూస్తూ, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అన్నాడు:

"అడగతాండాడు."

రేవతి ఆయన పక్కనే ఉంది. "ఎవరు మామా? ఏం అడగతాండారు?"

"మీ నాయన. ఆ పొద్దు గూడా అడిగినాడమ్మా. గ్లాసును అడిగినాడు. నీళ్లు వదలమన్యాడు. నేనే..."

అక్కడ ఆగిపోయాడు. ఆయన బయటికి నడిచి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు.

నేను మీట తిప్పాను. గ్లాసులో నీళ్లు కారిపోయాయి. మీట మూశాను. తిరిగి రాలేదు. బాయిలరు మూత విప్పి చూస్తే లోపల చుక్క లేదు. చింతపండు వాసన వచ్చింది.

రత్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నేనే, అన్నా. దేవుడి కుందులు తోమతా దీన్ని గూడా తోమినా. పటం ముందర నల్లంగా ఉంటే బాగుండదని. లోపల నీళ్లుంటే ఒంపేసినా. తప్పా?"

ఆమెది తప్పని ఎలా అనను? కార్యం రోజు ఇత్తడి కనబడితే మన ఇళ్లలో ఏ ఆడమనిషైనా చేసే పనే. చింతపండు గుజ్జు గ్లాసు కింది దారిలో ఇరుక్కుంది. కడిగిన నీళ్లు సన్నగొట్టంలో నిలిచిపోయాయి. దీపం వెలిగించి ఉంటే ఉత్త బాయిలరు కాలి, అతుకులన్నీ కరిగి, మండే స్పిరిట్ పిల్లల ముందు ఒలికేది. అదీగాక, సీసం మునెప్ప తమ్ముడు గూడా సీసమే కరిగించినాడన్న మాట మా వంశం ఉన్నంతకాలం మిగిలేది.

దారిని సన్నతీగతో శుభ్రం చేసి, నీళ్లు పోసి, అడిగి, ముట్టించాను. ఇంజను తిరిగింది. ఆవిరి బుస్సుమంటుంటే రేవతి తండ్రి పటంవైపు తిరిగి నిలబడింది. చూడాల్సిన మనిషి మాత్రం గదిలో లేడు.

ఇప్పుడు చెంగప్ప మదనపల్లెలో "నేనట్ల యాడన్యాను? ముసిలోళ్ల సెవులు" అంటున్నాడట. ఆ చప్పుడు నేను విన్నాను, రేవతి విన్నది, ఆయన విన్నాడు. రత్నమ్మ వినలేదంటోంది. మిగతావాళ్లు తలొక మాట చెబుతున్నారు. కానీ చెంగప్ప అన్న మాట గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ విన్నారు. అది మాత్రం ఎవరూ కాదనడం లేదు.

పుంగనూరు తిరిగొచ్చాక నాకు తోచిన పరీక్షలన్నీ చేశాను. ఇత్తడి వేడిచేసి చూశాను, చల్లార్చి చూశాను. బాయిలరు ఖాళీచేసి, గ్లాసులో మాత్రం నీళ్లు నిలబెట్టి, కావాలనే అగ్గిపుల్ల గీశాను. వేళ్లదాకా కాలనిచ్చాను. ఏమీ మోగలేదు. ఆ రోజు తర్వాత ఒక్కసారి కూడా మోగలేదు.

నా కోపం ఇంకా తగ్గలేదు. చెంగప్పమీదే కాదు. అది అన్నే అయితే, తట్టాల్సింది విచారణ జరిగిన గదిలో బల్ల. ఇన్నేళ్లు నవ్వి ఊరుకుని, చివరికి వచ్చి బొమ్మను తట్టడమేమిటి? అన్న కాకపోతే అది ఎవరు, ఏమిటి?

అప్పుడప్పుడూ ఇంజను ముట్టిస్తాను. ముందు రెండుసార్లు తట్టి, ఆగి, ఇంకోసారి తట్టి గ్లాసును అడుగుతాను. అది నిజమే చెబుతుంది. ఆ తర్వాత కాసేపు చెవి పెట్టి కూర్చుంటాను.